రెండు చుక్కల లెక్క
(గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ స్మృతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)

1902 మార్చి 28న గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ ఒక కాగితం మీద వరసగా ఘనాలు గీసుకున్నారు. అప్పుడాయనకు ఇరవయ్యారేళ్లు. హార్వర్డ్‌లో రసాయన శాస్త్రం చెబుతున్నారు. ఆవర్తన పట్టికలో మూలకాలు అలా వరస కట్టడానికి కారణమేమిటో కొత్తగా చేరిన విద్యార్థులకు వివరించాలి. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె.జె. థామ్సన్ చూపించి అప్పటికి ఐదేళ్లే. పరమాణువుకు కేంద్రకం ఉందన్న సంగతే ఇంకా బయటపడలేదు. లూయిస్ ప్రతి పరమాణువునూ ఒక ఘనంగా ఊహించి, దాని మూలల్లో ఎలక్ట్రాన్లను పెట్టారు. పట్టికలో ఒక గడి పక్కకు జరిగితే ఒక మూల నిండుతుంది. ఎనిమిది మూలలూ నిండితే ఆ వరస పూర్తయినట్టు.

బొమ్మ తప్పు. పరమాణువులకు మూలలుండవు, ఎలక్ట్రాన్లు ఒకచోట కదలకుండా కూర్చోవు. అయినా మన పదో తరగతి పిల్లలు ఈనాటికీ పరీక్ష కాగితం మీద మూలకం గుర్తు చుట్టూ చుక్కలు పెడుతున్నారంటే, దాని పుట్టుక ఆ కాగితంలోనే ఉంది. ఆ చుక్కలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు అన్నదే ఈ ఉపన్యాసం. లూయిస్ పేరు మీద తరగతి గదుల్లో చెలామణీ అవుతున్న మాటల్లో కొన్ని లూయిస్ అన్నవి కావు. స్మారకోపన్యాసంలో పొగడ్తల కన్నా ముందు ఆ తేడా తేల్చడం మర్యాద.

మనిషి గురించి నాలుగు మాటలు. మసాచుసెట్స్‌లోని వేమత్‌లో 1875 అక్టోబరు 23న పుట్టారు. నెబ్రాస్కాలో పెరిగారు. హార్వర్డ్‌లో 1899లో డాక్టరేటు తీసుకుని, జర్మనీ వెళ్లి ఆస్ట్‌వాల్డ్, నెర్న్‌స్ట్‌ల ప్రయోగశాలలు చూసి వచ్చారు. నడుమ కొంతకాలం ఫిలిప్పీన్స్‌లో తూనికలు కొలతల శాఖ అధికారిగా పనిచేశారు. మనీలా చుట్టల అలవాటు మాత్రం ఆ తర్వాత కూడా వదల్లేదు. 1912లో బర్క్‌లీ చేరి, అక్కడి రసాయన శాస్త్ర విభాగాన్ని ప్రపంచంలో పేరున్న వాటిలో ఒకటిగా నిలబెట్టారు. యూరీ, జియోక్, సీబోర్గ్, లిబ్బీ... ఆ విభాగంలో చదివి నోబెల్ అందుకున్నవారి జాబితా పెద్దదే. లూయిస్ పేరును ఆ బహుమతికి 41 సార్లు ప్రతిపాదించారు. ఒక్కసారీ రాలేదు.

ఘనాల బొమ్మను ఆయన పద్నాలుగేళ్లు అచ్చుకివ్వలేదు. 1916లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాసేటప్పుడు దాన్ని మళ్లీ ముందు పెట్టుకున్నారు. రెండు ఘనాలు అంచుకు అంచు ఆనుకుంటే, ఆ అంచు చివరలున్న రెండు ఎలక్ట్రాన్లు ఇద్దరికీ ఉమ్మడి. అది ఏక బంధం. ముఖానికి ముఖం ఆనితే నాలుగు ఉమ్మడి, అది ద్విబంధం. ఇంతవరకూ బాగానే ఉంది. త్రిబంధం దగ్గర బండి ఆగింది. ఆరు ఎలక్ట్రాన్లు ఉమ్మడిగా ఉండాలి కదా, రెండు ఘనాలను ఎలా తిప్పి పెట్టినా ఆరు మూలలు కలవవు. వెల్డింగ్ దుకాణాల్లో మండే ఎసిటిలీన్‌లో ఉన్నది సరిగ్గా ఆ బంధమే, కాబట్టి అలాంటిది లేదని తోసిపుచ్చడానికీ వీల్లేదు.

లూయిస్ తన ఘనాన్ని తానే వదిలేశారు. ఎనిమిది ఎలక్ట్రాన్లను రెండేసి చొప్పున దగ్గరకు లాగి నాలుగు జంటలు చేశారు. ఆ జంటలు చతుర్ముఖి నాలుగు మూలల్లో సర్దుకుంటాయి. రెండు చతుర్ముఖులు ముఖానికి ముఖం ఆనితే మూడు మూలలు కలుస్తాయి. మూడు మూలలంటే మూడు జంటలు, ఆరు ఎలక్ట్రాన్లు. త్రిబంధం కుదిరింది. కార్బన్ పరమాణువు నాలుగు చేతులూ చతుర్ముఖి మూలల వైపే చాచి ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ 1874లోనే అన్నారు. ఆ పాత ఊహకూ ఈ కొత్త జంటలకూ పొత్తు కుదిరింది. రెండు గుర్తుల మధ్య ఒకదాని కింద ఒకటి పెట్టే రెండు చుక్కలు ఆ వ్యాసంతోనే వాడుకలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. లూయిస్ దృష్టిలో అసలు సంగతి జంట, ఎనిమిది కాదు. 1923లో వేలన్సీ మీద రాసిన పుస్తకంలో ఎనిమిది నియమం కన్నా రెండు నియమమే మౌలికమని ఆయన స్పష్టంగా రాశారు. ఎనిమిదికి లొంగని అణువులు ఆయనకు తెలుసు. ‘అష్టకం’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన ఇర్వింగ్ లాంగ్మ్యూర్. ఆయన మంచి వక్త. 1919 నుంచి ఊరూరా ఉపన్యాసాలిచ్చి, వ్యాసాలు రాసి, సంయోజనీయ బంధం అన్న పేరు కూడా తానే పెట్టారు. సిద్ధాంతం జనంలోకి వెళ్లింది, దానితోపాటు లాంగ్మ్యూర్ పేరూ వెళ్లింది. లూయిస్‌కు అది మింగుడుపడలేదు. లాంగ్మ్యూర్‌కు 1932లో నోబెల్ వచ్చింది, అయితే అది వేరే పనికి, ఉపరితల రసాయన శాస్త్రానికి. 1946 మార్చి 23న బర్క్‌లీకి వచ్చిన లాంగ్మ్యూర్‌తో కలిసి లూయిస్ మధ్యాహ్నం భోజనం చేశారని చరిత్రకారులు రాశారు. ఆ సాయంత్రం లోపే ప్రయోగశాలలో ఆయన నేల మీద పడి ఉండగా చూశారు. చేస్తున్న ప్రయోగం ద్రవ హైడ్రోజన్ సయనైడ్‌తో. గుండె జబ్బుతో పోయారని అధికారులు తేల్చారు. ఊహాగానాలు మాత్రం ఇప్పటికీ ఆగలేదు, ఈ సభకు వాటితో పని లేదు.

జంట ఎందుకు కట్టుకుంటాయి? రెండు ఎలక్ట్రాన్లూ రుణావేశాలే, ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. 1916లో లూయిస్ దగ్గర దీనికి జవాబు లేదు. పదకొండేళ్ల తర్వాత, 1927లో, జ్యూరిక్‌లో ఉన్న హైట్లర్, లండన్ అనే ఇద్దరు కుర్ర భౌతిక శాస్త్రవేత్తలు కొత్తగా పుట్టిన క్వాంటం యాంత్రికశాస్త్రంతో హైడ్రోజన్ అణువును లెక్కగట్టారు. రెండు కేంద్రకాలు, రెండు ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటే కేంద్రకాల నడుమ ఎలక్ట్రాన్ సాంద్రత పెరుగుతుంది. ఆ రుణావేశం రెండు వైపుల ధనావేశాలనూ తనవైపు లాగుతుంది. మొత్తం శక్తి తగ్గుతుంది. స్పిన్‌లు ఒకే వైపు ఉంటే నడుమ ఖాళీ ఏర్పడి బంధం పడదు. లూయిస్ చుక్కలు రెండే ఎందుకన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

గోళీలాటలో నేలమీద చేసే గుంటను తలచుకుంటే బంధం స్వభావం పట్టుబడుతుంది. దూరంగా ఉన్న రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరయ్యేకొద్దీ శక్తి జారుతూ పోతుంది. కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లకు వచ్చేసరికి గుంట అడుగు తగులుతుంది. పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లో వంతు. ఇంకా దగ్గరకు నెడితే కేంద్రకాలు ఎదురు తిరుగుతాయి, గుంట అవతలి గట్టు నిటారుగా లేస్తుంది. గుంట లోతు మోలుకు 436 కిలోజౌళ్లు. రెండు గ్రాముల హైడ్రోజన్‌లోని బంధాలన్నీ తెంచడానికి అంత కావాలి. మంచులా చల్లగా ఉన్న లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి అంతకన్నా కాస్త తక్కువే పడుతుంది.

గుంటలో పడ్డ గోళీని పైకి తేవాలంటే మనం తోయాలి. ఇంత చిన్న సంగతి, అయినా ఎంతమంది చదువుకున్నవాళ్లు దీన్ని తలకిందులుగా చెబుతారో! ‘ఇంధనంలోని బంధాలు తెగినప్పుడు శక్తి వెలువడుతుంది’ అని వ్యాసాల్లో, గైడు పుస్తకాల్లో, వేదికల మీద వినబడుతూనే ఉంటుంది. బంధం తెంచడం ఎప్పుడూ ఖర్చే. రాబడి కొత్త బంధం పడినప్పుడు. పైపుల్లో ఇళ్లకు వచ్చే వంట గ్యాసు దాదాపు అంతా మీథేన్, దాని పద్దు చూద్దాం. ఒక మోలు మీథేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధాలు నాలుగు, ఒక్కోటి 413 కిలోజౌళ్లు. అది మండడానికి రెండు మోళ్ల ఆక్సిజన్ కావాలి, ఒక్కో బంధం 498. తెంచడానికి మొత్తం ఖర్చు 2,648. ఇక కొత్తగా పడేవి: కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ద్విబంధాలు, ఒక్కోటి 799, నీటిలో నాలుగు ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు, ఒక్కోటి 463. రాబడి 3,450. మిగులు 802 కిలోజౌళ్లు. స్టవ్ మీద అన్నం ఉడికేది ఆ మిగులుతో. ముందు పెట్టుబడి పెట్టాలి కనకనే లైటరు నొక్కాల్సి వస్తుంది.

ఇదే పద్దు ఉప్పుకు వేస్తే బడిపాఠం ఇంకోచోట బెసుకుతుంది. సోడియం తన ఎలక్ట్రాన్‌ను సంతోషంగా ఇచ్చేస్తుందనీ, క్లోరిన్ పుచ్చుకుని ఎనిమిది నింపుకుంటుందనీ చెబుతారు. సోడియం సంతోషంగా ఏమీ ఇవ్వదు. దాని నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి మోలుకు 496 కిలోజౌళ్లు పెట్టాలి. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకున్నందుకు తిరిగొచ్చేది 349. ఇంకా 147 నష్టంలోనే ఉన్నాం. ఇద్దరికీ ఎనిమిది నిండాయి, లెక్క మాత్రం నిండలేదు. నష్టాన్ని పూడ్చి లాభం తెచ్చేది స్ఫటికం. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, ఈ అమరిక నలువైపులా సాగిపోతుంది. విడివిడిగా ఉన్న అయాన్లు అలా గుమికూడితే 787 కిలోజౌళ్లు వెలువడతాయి.

కాబట్టి ఉప్పులో జంటగా విడదీసి చూపగల ‘సోడియం క్లోరైడ్ అణువు’ లేదు. ఈ మాట ఒకప్పుడు పెద్దవాళ్లకే రుచించలేదు. ఉప్పు అమరికను 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాలతో తేల్చారు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా ఇంగ్లండులో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వృద్ధ రసాయనవేత్త, అప్పటికి ఎనభైకి దగ్గరపడ్డవారు, ‘నేచర్’ పత్రికకు ఉత్తరం రాసి, ఉప్పును చదరంగం బల్లగా మార్చడం ఇంగితజ్ఞానానికే విరుద్ధమని మండిపడ్డారు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడుల గట్టున నిలబడి ఒక కల్లుప్పు పలుకును భూతద్దం కింద పెట్టి చూస్తే ఆర్మ్‌స్ట్రాంగ్‌కు జవాబు దొరుకుతుంది. చదరపు ముఖాలు, నిట్ట నిలువు అంచులు. లోపలి వరసే బయటికి కనబడుతోంది. రోట్లో వేసి ఒక దెబ్బ వేస్తే అది సాగదు, వంగదు, పగులుతుంది. దెబ్బకు ఒక పొర జరిగిందంటే ధనావేశం ఎదురుగా ధనావేశం, రుణం ఎదురుగా రుణం వచ్చి పొరలు ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. అదే దెబ్బ రాగి తీగకు తగిలితే చదునవుతుందే గాని ముక్కలవదు. లోహంలో బాహ్య ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా అంతటా తిరుగుతుంటాయి, పొర జరిగినా పట్టు పోదు.

గుంటలన్నిటిలో లోతైన వాటిలో ఒకటి మన చుట్టూ గాలిలోనే ఉంది. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య మూడు జంటలు, 110 పికోమీటర్ల దూరం, 945 కిలోజౌళ్ల లోతు. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నైట్రోజనే అయినా పైరు దాన్ని నేరుగా వాడుకోలేకపోవడానికి కారణం ఈ లోతే. 1909లో ఫ్రిట్జ్ హాబర్ ప్రయోగశాలలో దాన్ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేశారు. కార్ల్ బాష్ 1913లో జర్మనీలోని ఓపావులో దాన్ని కర్మాగారంగా మార్చారు. రామగుండంలోనైనా మరెక్కడైనా యూరియాకు ముందు అమ్మోనియా తయారవ్వాల్సిందే, దానికి ఇనుము ఉత్ప్రేరకం, నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందకు పైగా వాతావరణాల పీడనం కావాలి. ఇనుము ఉపరితలం మీద నైట్రోజన్ అణువు ఎలా వాలి, ఎలా రెండుగా విడిపోతుందో గెర్హార్డ్ ఎర్ట్ల్ విడమరిచి చూపారు, 2007లో నోబెల్ అందుకున్నారు.

ఇంత హంగామా లేకుండా వేరుశనగ చేలో అదే పని జరుగుతోంది. మొక్కను పెకలిస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. లోపలున్న రైజోబియా వర్గపు సూక్ష్మజీవులు ఇనుము, మాలిబ్డినం ఉన్న ఎంజైముతో మామూలు వేడిలోనే ఆ మూడు జంటలను విడదీస్తాయి. ఉచితంగా కాదు సుమా. ఒక్కో నైట్రోజన్ అణువుకు, కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ అణువులు కనీసం పదహారు ఖర్చవుతాయి. ఆ ఖర్చంతా మొక్క ఆకుల్లో వండిన చక్కెర పద్దులోదే. ఇక ఆ గుంటలోకి నైట్రోజన్ తిరిగి పడేటప్పుడు వచ్చే రాబడి సంగతి బేరూత్ రేవు చూసింది. 2020 ఆగస్టు 4న అక్కడ గోదాములో పేలిన అమ్మోనియం నైట్రేట్‌లోని నైట్రోజన్ చాలావరకు త్రిబంధం కట్టుకుని గాలిలో కలిసింది.

లూయిస్ చుక్కలకు అందని బంధం ఒకటి ఆయన విభాగంలోనే పుట్టింది. నీటి అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు కూడా మొగ్గుతుందనీ, రెండింటి నడుమ ఒక బలహీన బంధంగా నిలుస్తుందనీ 1920లో లాటిమర్, రోడ్‌బుష్ బర్క్‌లీ నుంచి రాశారు. అదే చోట చదువుకుంటున్న మారిస్ హగ్గిన్స్‌కూ అప్పటికే ఆ ఆలోచన ఉంది. నీటిలో ఈ హైడ్రోజన్ బంధం బలం మోలుకు 20 కిలోజౌళ్ల పైచిలుకు, అణువు లోపలి బంధంలో ఇరవయ్యో వంతు. ఆ కాస్త పట్టే లేకపోతే నీరు ద్రవంగా దొరికేది కాదు. నీటి కన్నా బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు అరవై డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. మంచు నీటి మీద తేలడానికీ ఈ బంధాలే కారణం. అవి అణువులను ఒక ఖాళీల గూడుగా నిలబెడతాయి, గడ్డకట్టిన నీరు దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది.

ఈ కథలో హైదరాబాద్‌కు చోటుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1979 నుంచి మూడు దశాబ్దాలు పనిచేసిన గౌతమ్ ఆర్. దేశిరాజు, స్ఫటికాలలో అణువులు ఏ బలాలతో పక్కపక్కన సర్దుకుంటాయో తరచి చూశారు. కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్ కూడా ఆక్సిజన్ వైపు మొగ్గుతుందంటే మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. పుస్తకాల ప్రకారం కార్బన్ అందుకు తగిన మూలకం కాదు మరి. 1999లో థామస్ స్టైనర్‌తో కలిసి దేశిరాజు బలహీన హైడ్రోజన్ బంధం మీద ఏకంగా ఒక గ్రంథమే రాశారు. 2011లో అంతర్జాతీయ రసాయన సంస్థ ఐయూపీఏసీ హైడ్రోజన్ బంధాన్ని కొత్తగా నిర్వచించినప్పుడు, ఆ బృందానికి బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఇ. అరుణన్ నాయకత్వం వహించారు, దేశిరాజు సభ్యులు. ఏయే మూలకాలు పాల్గొనవచ్చో ఆ నిర్వచనం ముందే జాబితా రాసి పెట్టదు, బంధం పడిందనడానికి ఆధారం చూపమంటుంది.

ఎనిమిది దగ్గరకు తిరిగి వద్దాం. లూయిస్ పద్ధతిలో ఆక్సిజన్ అణువుకు చుక్కలు పెడితే అన్నీ చక్కగా జంటలవుతాయి. కానీ ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే కింద పడకుండా అక్కడే వేలాడుతుంది. జంటపడని ఎలక్ట్రాన్లు ఉంటేనే అలా జరుగుతుంది, ఆక్సిజన్ అణువులో అలాంటివి రెండు. ఈ చిక్కు లూయిస్‌ను బాగా వేధించింది. ఆయన దాని మీద పనిచేశారు కూడా, కానీ ముడి విప్పింది 1929లో లెన్నార్డ్-జోన్స్, అణు ఆర్బిటాళ్ల లెక్కతో.

జడవాయువుల సంగతి మరీ విడ్డూరం. ఎనిమిది నిండినవి కాబట్టి వాటికి బంధాలే ఉండవని దశాబ్దాల తరబడి చెప్పారు. వాటిలో ఒకటైన జీనాన్ ఇతర మూలకాలతో కలవవచ్చని రసాయనవేత్త లైనస్ పౌలింగ్ అనుకున్నారు. 1933లో యోస్ట్, కే అనే ఇద్దరు కాల్‌టెక్‌లో ప్రయత్నించారు. ఫలితం రాలేదు, ఆ తర్వాత దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1962లో వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ వేరే పని మీద ఉన్నారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి ఆవిరి ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను గుంజేస్తోందని గమనించారు. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి పట్టే శక్తినీ, జీనాన్ నుంచి లాగడానికి పట్టే శక్తినీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ దాదాపు సమానం, మోలుకు 1,170 కిలోజౌళ్ల దరిదాపులు. అలాంటప్పుడు జీనాన్ ఎందుకు ఇవ్వదు? రెండు వాయువులనూ విడదీస్తున్న గాజు అడ్డును పగలగొట్టారు. క్షణంలో నారింజ-పసుపు రంగు పదార్థం గాజు గోడలకు పేరుకుంది. ఆ ఏడాదిలోనే అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో జీనాన్ టెట్రాఫ్లోరైడ్ తయారైంది. (పరీక్ష రాసే పిల్లలు మాత్రం మార్కులు పోకుండా చూసుకోవాలి, ప్రశ్నపత్రాలు బార్ట్‌లెట్ కన్నా నిదానంగా నడుస్తాయి.)

ఇప్పుడు సిలికాన్ మీద సూక్ష్మ యంత్ర భాగాలు చెక్కడానికి జీనాన్ డైఫ్లోరైడ్ తెల్లటి పలుకులను పరిశ్రమలు సీసాల్లో తెప్పించుకుంటున్నాయి. ఆ అణువులో జీనాన్ చుట్టూ లూయిస్ పద్ధతిలోనే చుక్కలు పెడితే పది వస్తాయి. ఫ్లోరిన్లతో పంచుకున్నవి రెండు జంటలు, జీనాన్ తన దగ్గరే ఉంచుకున్నవి మూడు జంటలు.